మూస చెడకుండా మ్యూనిక్ వెళ్లి రావడం ఎలా?

ఒక్క సెమిస్టర్ మార్పిడికి విదేశీ విశ్వవిద్యాలయానికి వెళ్లే విద్యార్థులకు పది సలహాలు

విదేశంలో ఒక సెమిస్టర్ చదివి రావడానికి ఎంపికైనందుకు అభినందనలు. వీసా వచ్చింది. ఇన్సూరెన్స్ కట్టారు. ఏ కోర్సుకి ఎన్ని క్రెడిట్లో తేల్చి రెండు యూనివర్సిటీలూ సంతకాలు చేసిన కాగితం సంచిలో ఉంది. కందిపొడి, కారప్పొడి, ఆవకాయ మూడు పొరల ప్లాస్టిక్ కవర్లలో సర్దుకున్నారు. ఇక మిగిలిన పని ఒక్కటే. మీ గురించి అక్కడివాళ్లకున్న అభిప్రాయాలు, అక్కడివాళ్ల గురించి మీకున్న అభిప్రాయాలు ఎక్కడా గీత పడకుండా కాపాడుకుని తిరిగి రావాలి.

ఇది అనుకున్నంత సులువు కాదు. అమెరికా వాళ్ల ఫుల్‌బ్రైట్ పథకం 1946లో, యూరప్ వాళ్ల ఎరాస్మస్ 1987లో మొదలయ్యాయి. కుర్రాళ్లు ఒకరి దేశంలో ఒకరు కొన్నాళ్లుంటే ఒకరి గురించి ఒకరు వినికిడి మాటలు మానేస్తారని వాటిని పెట్టినవాళ్ల ఆశ. ప్రభుత్వాలే డబ్బు పోసి ఇలాంటి పని చేయిస్తుంటే, తరతరాలుగా వస్తున్న అపోహల గతేం కావాలి? అందుకే ఈ చిట్కాలు. ఉదాహరణకు జర్మనీని తీసుకున్నాం. 2022-23 శీతాకాలం సెమిస్టర్‌లో అక్కడి విదేశీ విద్యార్థుల సంఖ్యలో చైనాను దాటి మనవాళ్లు మొదటి స్థానానికి చేరారు. అంతమందికి సరిపడా మూసలు సిద్ధంగా ఉన్నాయి కాబట్టి ఎవరూ కంగారు పడనక్కర్లేదు.

1. విమానం ఎక్కకముందే దేశం మొత్తాన్ని అర్థం చేసుకోండి

అక్కడికి వెళ్లాక తెలుసుకుందాంలే అనుకోవడం బద్ధకం. ముందే తెలుసుకుని వెళ్లాలి. దానికి మీ బాబాయి చాలు. ఆయన జర్మనీ చూడలేదు గానీ, వాళ్లు నవ్వరనీ, గడియారం చూసి ఊపిరి పీలుస్తారనీ, మంచినీళ్ల బదులు బీరు తాగుతారనీ ఆయనకు రూఢిగా తెలుసు. రాసుకోండి.

దిగాక కొన్ని విషయాలు మిమ్మల్ని తికమక పెట్టవచ్చు. టైంటేబుల్‌లో పది గంటలని ఉన్న క్లాసు పదింబావుకి గాని మొదలవదు. వేళ పక్కన 'సి.టి.' అని ఉంటే పావుగంట ఆలస్యం ఆచారం కింద చెల్లు. ఇక రైళ్లు. 2024లో దూరప్రయాణపు రైళ్లలో వేళకు నడిచినవి 62.5 శాతమే. అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యమే కాదని వదిలేసి, రద్దయిన రైళ్లను లెక్కలోంచి తీసేశాక తేలిన అంకె. మ్యూనిక్ అక్టోబర్‌ఫెస్ట్ సెప్టెంబరులోనే మొదలవుతుంది. తోలు నిక్కర్లు దక్షిణాన బవేరియా వైపు వేషం. హాంబర్గ్ అబ్బాయిని 'నీ తోలు నిక్కరేది?' అని అడిగి చూడండి. బెజవాడ మనిషిని ఢిల్లీలో మదరాసీ అన్నప్పుడు ఎలా ముఖం పెడతాడో అలాగే పెడతాడు.

వీటికి డీలా పడకండి. పద్ధతి ఉంది. పదిమంది వేళకు వస్తే 'జర్మన్లంటే ఇదీ' అనండి. పదకొండోవాడు గంట ఆలస్యంగా వస్తే 'వీడు మినహాయింపు' అనండి. మినహాయింపులు వేసుకునే సంచి కాస్త పెద్దది కుట్టించుకుంటే మీ అభిప్రాయానికి జీవితాంతం ఢోకా లేదు. అక్కడివాళ్లు కూడా మీ విషయంలో ఇదే సంచి వాడతారు. 'నువ్వు మిగతా ఇండియన్లలా కాదు' అని ఎవరైనా అంటే మీరు ఆ సంచిలో పడ్డారని అర్థం. దాన్ని మెచ్చుకోలు అనుకుని ముసిముసిగా నవ్వండి.

2. 'మీ భాష హిందీ కదా?' అంటే తలూపండి

ఎలా ఊపుతారన్నది మీ ఇష్టం. అవునో కాదో ఎదుటివాడికి అంతుపట్టకుండా ఊపగలిగితే ఒక్క ఊపుకి రెండు మూసలు దక్కుతాయి.

పొరపాటున కూడా 'కాదండీ, తెలుగు' అనకండి. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 8 కోట్ల పైచిలుకనీ, అది ఇంచుమించు జర్మనీ జనాభా అంత అనీ చెప్పారంటే ఎదుటివాడు కాఫీ కప్పు కింద పెడతాడు. రెండో ప్రశ్న వేస్తాడు. ప్రమాదమంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉంది. మొదటి ప్రశ్న ఎవరినైనా అడిగేది. రెండోది మిమ్మల్ని అడిగేది.

అంతకంటే దాచాల్సిన సంగతి మరొకటుంది. తెలుగు తొలి అచ్చు పుస్తకాలు పుట్టింది బందరులోనో మద్రాసులోనో కాదు, జర్మనీలోని హాలే పట్టణంలో. మద్రాసులో ఏళ్ల తరబడి పనిచేసి వెళ్లిన బెంజమిన్ షుల్జ్ అనే మత ప్రచారకుడు 1740లలో అక్కడ తెలుగులో క్రైస్తవ పుస్తకాలు అచ్చు వేయించాడు. మీ పక్క గదిలో హాలే అమ్మాయే ఉండి, ఈ సంగతి ఆమెకు తెలియకపోయినా సరే, నోరు మెదపకండి. మీ ఊరికీ ఆమె ఊరికీ రెండున్నర శతాబ్దాల పైబడిన బంధుత్వం బయటపడితే ఆ సాయంత్రం మూస మాటలకు చోటుండదు.

సినిమాల విషయంలోనూ ఇదే నియమం. 'నాటు నాటు' పాటకు 2023లో ఆస్కార్ వచ్చింది కదా, అది బాలీవుడ్దేనా అంటే అవుననండి. షారుఖ్ ఖాన్ మీకు పెదనాన్న కొడుకు వరస అని చెప్పినా నష్టం లేదు.

3. ప్రింటర్ ఆగితే బాగుచేయండి, రాకపోయినా సరే

మీరు చదివేది చరిత్ర కావచ్చు, భాషాశాస్త్రం కావచ్చు. హాస్టల్లో వైఫై పోతే తట్టేది మాత్రం మీ తలుపే. దీని వెనక కథ ఉంది. 2000 సంవత్సరంలో జర్మనీ ప్రభుత్వం 20,000 మంది విదేశీ కంప్యూటర్ నిపుణులను రప్పించుకోవడానికి 'గ్రీన్ కార్డ్' పథకం పెట్టింది. అది గిట్టని యుర్గెన్ ర్యూట్‌గెర్స్ అనే నాయకుడు, కంప్యూటర్ల ముందు కూర్చోవలసింది భారతీయులు కాదు, మన పిల్లలు అని ప్రచారం చేశాడు. అది ఊరూవాడా 'కిండర్ స్టాట్ ఇండర్', అంటే 'ఇండియన్ల బదులు పిల్లలు' అనే ప్రాస నినాదమైంది. ఆ ఏడాది రాష్ట్ర ఎన్నికల్లో ఆయన పార్టీ గెలవలేదు గానీ కంప్యూటర్ ఇండియన్ అనే బొమ్మ మాత్రం జనం మనసులో గెలిచి కూర్చుంది.

2024 అక్టోబరులో అదే జర్మనీ భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20,000 నుంచి 90,000కు పెంచుతామని ప్రకటించింది. ఆ నినాదం నాడు ఊయలలో ఉన్న పిల్లలే ఇప్పుడు మీ పక్క బెంచీలో ఉన్నారు. ప్రింటర్ ఎలా బాగుచేయాలో వాళ్లకూ తెలియదు, మీకూ తెలియదు. 'నాకూ రాదు, ఇద్దరం కలిసి చూద్దాం' అన్నారా, రెండు దేశాల మూసలూ ఒకే ప్రింటర్‌లో ఇరుక్కుపోతాయి. కాబట్టి గంభీరంగా ముఖం పెట్టి దాన్ని ఆపి మళ్లీ ఆన్ చేయండి. పనిచేస్తే భారతీయ మేధస్సు. చేయకపోతే జర్మన్ యంత్రం.

4. రోజుకొక గంట రుషిగా ఉండండి

యోగా వచ్చా అని అడుగుతారు. రాదనడం దేశద్రోహం. 'చిన్నప్పటి నుంచీ' అనండి. స్కూల్లో డ్రిల్లు మాస్టారు ఎండలో నిలబెట్టి చేతులు పైకెత్తించింది లెక్కలోకి వస్తుంది.

దీన్ని నిలబెట్టడంలో జర్మన్ పండితులు మనకు ఎంతో మేలు చేశారు. మన దేశంలో జర్మన్ భాష నేర్పే గ్యోతే సంస్థల భవనాలు మాక్స్ ముల్లర్ పేరుతో ఉన్నాయి. రుగ్వేదాన్ని ఏళ్లకేళ్లు పరిష్కరించి అచ్చు వేయించిన ఆ మహానుభావుడు భారతదేశంలో ఒక్కసారీ అడుగు పెట్టలేదు. 1922లో 'సిద్ధార్థ' నవల రాసిన హెర్మన్ హెస్సే 1911లో ఓడెక్కి సింహళం, సుమత్రా దాకా వచ్చాడు గానీ మన దేశంలో తిరక్కుండానే వెనుదిరిగాడు. చదువు మీద, ఊహ మీద ఎంత దూరం వెళ్లవచ్చో వాళ్లు చూపించారు. మీ సహవిద్యార్థులు ఆ ఊహతోనే మీ దగ్గరికి వస్తే, మీరు వాళ్లకు కూకట్‌పల్లి ట్రాఫిక్ గురించీ, ఇంటర్ ర్యాంకుల గురించీ, ఇంటి ఈఎంఐ గురించీ చెప్పి ఎందుకు నిరాశపరచాలి? కళ్లు మూసుకోండి. నిద్రొస్తే ధ్యానం అనండి.

5. వంటగదిని సరిహద్దు చేయండి

ఈ సలహా మీద కాస్త ఎక్కువ సేపు నిలబడాలి. విద్యార్థి వసతిలో ఎనిమిదో పదో గదులకు ఒకటే వంటగది ఉంటుంది. మూసలు పుట్టేదీ, పెరిగేదీ, ఒక్కోసారి అన్యాయంగా చచ్చిపోయేదీ అక్కడే.

ముందు ప్రశ్నలు. 'మీరంతా శాకాహారులేనా?' అంటే అవుననండి. 15 ఏళ్లు దాటినవాళ్లను అడిగి 2014లో ప్రభుత్వం చేసిన నమూనా సర్వేలో తెలంగాణలో 98 శాతానికి పైగా మాంసం తినేవాళ్లేనని తేలింది. ఆ అంకె మీకు తెలిసినా బయటపెట్టకండి. 'మీ కారం మీ సంస్కృతి కదా' అంటే గర్వంగా అవుననండి. మిరప అమెరికా ఖండపు మొక్క అనీ, పోర్చుగీసు వాళ్లతో ఇక్కడికి వచ్చిందనీ, అంతకుముందు మన కూరలకు మిరియాలే దిక్కనీ చెబితే గుంటూరు యార్డు అవమానపడుతుంది. వాళ్లు రోడ్డు పక్క తినే కరీవర్స్ట్ గురించి మాత్రం అసలు ఎత్తకండి. 1949 సెప్టెంబరులో బెర్లిన్‌లో హెర్టా హోయ్‌వర్ అనే ఆమె సాసేజ్ మీద టమాటా సాసు, కరీ పొడి చల్లి అమ్మడం మొదలుపెట్టిందని చెబుతారు. మీ మసాలా వాసనకు ముక్కు మూసుకునే పెద్దమనిషి నిన్న మధ్యాహ్నం తిన్నది కూడా కరీయేనని గుర్తుచేస్తే ఇద్దరూ నవ్వే ప్రమాదం ఉంది.

ఇక వంట. రెండు మార్గాలున్నాయి, రెండూ మంచివే. మొదటిది వీరమార్గం. రాత్రి పదకొండింటికి, అంటే పది గంటలకు నిశ్శబ్దవేళ మొదలయ్యాక, వంటగది తలుపు తెరిచి పెట్టి ఎండుమిరపకాయల తాలింపు వేయండి. పొగ పసిగట్టే యంత్రం మోగి అంతస్తు మొత్తం దుప్పట్లతో మెట్ల మీదకు వచ్చాక 'ఇది మా సంస్కృతి' అని ప్రకటించండి. మాడు అంటిన మూకుడు సింకులో నానబెట్టి, శుభ్రం చేసే వంతుల పట్టికలో మీ పేరున్న వారం స్నేహితుల ఊరెళ్లండి. రెండోది త్యాగమార్గం. అసలు వండకండి. నాలుగు నెలలు గదిలో తలుపేసుకుని బ్రెడ్డు, ఊరగాయతో గడిపి, ఇంటికి ఫోన్ చేసి 'వీళ్లకు మన వాసనంటేనే అసహ్యం అమ్మా' అని చెప్పండి. మీ వాసన ఎవరూ ఇంతవరకూ చూడలేదన్న విషయం అమ్మకు తెలియనవసరం లేదు.

మధ్యేమార్గం ఒకటుందని కొందరు దుష్ప్రచారం చేస్తుంటారు. శనివారం సాయంత్రం ఏడింటికి పప్పు తాలింపు వేస్తున్నాననీ, అరగంట ఘాటుగా ఉంటుందనీ, కిటికీ తీసి ఉంచాననీ, ఆకలున్నవాళ్లు కంచం తెచ్చుకోవచ్చనీ తలుపు మీద చీటీ అంటించడం. ఇలా చేసినవాళ్ల గతి చెబుతాం వినండి. మొదటి వారం ఇద్దరు వస్తారు. మూడో వారం ఒకడు బంగాళదుంపల సలాడ్ తెస్తాడు. అది మా అమ్మమ్మ పద్ధతి, పక్క రాష్ట్రం వాళ్లది వేరే, వాళ్లది అసలు సలాడే కాదు అని మొదలుపెడతాడు. అచ్చం ఉలవచారు గురించి, గోంగూర గురించి మనవాళ్లు పోట్లాడుకునే ధోరణి. డిసెంబరు వచ్చేసరికి 'ఇండియన్ తిండి' అనే మాట ఆ అంతస్తులో ఎవరి నోటా రాదు. 'నిన్నటి చారు మిగిలిందా?' అనే అడుగుతారు. అక్కడితో మూస సర్వనాశనం.

6. సెమినార్‌లో నోరు తెరవకండి

భారతీయ విద్యార్థులు బట్టీ పడతారు, ఎదురు ప్రశ్న వేయరు అని ఒక అభిప్రాయం ఉంది. దాన్ని కంటికి రెప్పలా కాచుకోండి. ప్రొఫెసర్ 'ఈ వాదనలో లోపం ఏమిటి?' అని అడిగితే బల్ల మీది గీతలు లెక్కపెట్టండి. అక్కడ ఉపన్యాసం అయ్యాక చప్పట్లకు బదులు పిడికిలితో బల్ల మీద తడతారు. అందులో మాత్రం అందరికంటే గట్టిగా పాల్గొనండి. హాజరు వేసినట్టు ఉంటుంది.

ఇలా ఊరుకోవడానికి శాస్త్రం అండగా ఉందని కూడా చెప్పుకోవచ్చు. 1999లో మార్గరెట్ షి, టాడ్ పిటిన్‌స్కీ, నళినీ అంబాడీ ఆసియా మూలాలున్న అమెరికన్ విద్యార్థినులకు ఒక లెక్కల పరీక్ష పెట్టారు. పరీక్షకు ముందు వాళ్ల ఆసియా మూలాలు గుర్తుచేస్తే మార్కులు పెరిగాయి, ఆడవాళ్లన్న సంగతి గుర్తుచేస్తే తగ్గాయి. తర్వాత వేరేవాళ్లు అదే ప్రయోగం చేస్తే ఫలితాలు అన్నిసార్లూ అలాగే రాలేదు. ఆ చివరి వాక్యం మీరు వదిలేయండి. 'మూస నన్ను అణచివేసింది' అన్న మొదటి సగం చాలు, ఏ పేపరు తప్పినా పనికొస్తుంది. జర్మనీలో 1.0 అంటే అత్యుత్తమం, 5.0 అంటే తప్పినట్టు. ఐదు వచ్చిందని ఇంట్లో చెబితే అది పెద్ద అంకె కాబట్టి వాళ్లు సంతోషిస్తారు కూడా.

7. చీమకు గొడ్డలి, పులికి నమస్కారం

మీకు ఎదురయ్యేవన్నీ ఒక పరిమాణంలో ఉండవు. కాబట్టి ప్రతిస్పందన కూడా తలకిందులుగా ఉండాలి.

వంటగదిలో పద్దెనిమిదేళ్ల పిల్ల 'మీ ఊళ్లో ఏనుగులుంటాయా?' అని అమాయకంగా అడిగిందనుకోండి. అప్పుడు లేవండి. వలస పాలన చరిత్ర నలభై నిమిషాలు చెప్పండి. అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి మూడు పేజీల ఉత్తరం రాయండి. 'గుడి దగ్గర ఒకటి ఉండేది, దానికి అరటిపండంటే ఇష్టం, నువ్వు ఎప్పుడైనా చూశావా?' అని మాత్రం అనకండి. సంభాషణ సాగుతుంది.

అదే, ఎవరైనా అధికారంలో ఉన్న మనిషి మీ దేశం పేరు చూసి తలుపు మూసేస్తే అప్పుడు చిరునవ్వు నవ్వి ఊరుకోండి. 2015లో లైప్‌జిగ్‌లో ఒక ప్రొఫెసర్, భారతదేశంలో అత్యాచారాల సమస్య ఉంది కాబట్టి భారతీయ మగ విద్యార్థులను ఇంటర్న్‌షిప్‌కు తీసుకోనని ఒకరికి ఈమెయిల్లో రాశారు. అది బయటికి వచ్చింది. ఢిల్లీలోని జర్మన్ రాయబారి మైకేల్ స్టైనర్ స్వయంగా బహిరంగ లేఖ రాసి తప్పుబట్టారు. ప్రొఫెసర్ క్షమాపణ చెప్పారు. ఆ ఈమెయిల్‌ను ఎవరికీ చూపకుండా డబ్బాలో పడేసి ఉంటే ఇంత గొడవ జరిగేదా?

అందుకని మీకు అలాంటిది వస్తే వెంటనే చెరిపేయండి. ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో రాసిపెట్టుకోకండి. యూనివర్సిటీలో వివక్ష ఫిర్యాదులు వినే వ్యక్తి ఉంటారు, ఆ గది ఎక్కడో కనుక్కోకండి. ఉద్యోగం విషయంలోనో, అద్దె గది విషయంలోనో జాతి చూసి కాదంటే అడగడానికి 2006 నుంచి జర్మనీలో చట్టం ఉంది. అదే ఏడాది కేంద్ర స్థాయిలో ఒక కార్యాలయం కూడా పెట్టారు. ముందు మనసు కుదుటపడనివ్వండి. ఓ మూడు నెలలు ఆగండి. ఆ చట్టం కింద పరిహారం అడగడానికి గడువు రెండే నెలలు కాబట్టి అప్పటికి మీరు ఏమీ చేయనక్కర్లేదు.

8. మనవాళ్ల గూట్లోనే ఉండండి

దిగిన రోజే తెలుగు వాట్సాప్ గుంపులో చేరండి. కొత్త సిమ్ కార్డు, వాడిన సైకిల్, బియ్యం దొరికే కొట్టు, అన్నీ అందులో ఉంటాయి. అంతవరకు నిజంగానే మేలు. ఆ తర్వాత బయటికి రాకండి. సాయంత్రం ఐదుగురు వంటగదిలో చేరి ఆరోవాడి ముందు, వాడు జర్మనో కొరియనో, గంటసేపు తెలుగులోనే నవ్వుకోండి. మధ్యలో ఒకసారి వాడి వైపు చూడండి. వాడి గురించే నవ్వుతున్నారని వాడు అనుకోవాలి. 'ఇండియన్లు ఇండియన్లతోనే తిరుగుతారు' అనే మాట ఊరికే పుట్టదు, ఇలా కష్టపడి పుట్టించాలి.

గూడు లోపల కూడా పని ఉంది. కొత్తగా వచ్చినవాడిని చదువేమిటని కాదు, ఇంటిపేరేమిటని అడగండి. ఇంటిపేరుతో తేలకపోతే ఏ ఊరు, ఏ వీధి, మీ మేనమామ ఎవరు అని దిగుతూ వెళ్లండి. కులం తేలేదాకా టీ పోయకండి. సీమవాడైతే కత్తి ఎక్కడ దాచావని, తెలంగాణవాడైతే నీ తెలుగు తెలుగేనా అని, గోదావరి జిల్లాల వాడైతే వెటకారం ఆపమని అనండి. అందరూ నవ్వుతారు, అన్నవాడితో సహా, పడ్డవాడు తప్ప. ఏడువేల కిలోమీటర్లు వచ్చి మన ముద్రలు మనం ఇంత చక్కగా వేసుకుంటుంటే, విదేశీయులు వేసే ముద్రల మీద ఫిర్యాదు చేసే అర్హత మనకు తప్ప ఎవరికుంటుంది?

9. మిగతా విదేశీయులను ఇంటి నుంచి తెచ్చుకున్న కళ్లతోనే చూడండి

మార్పిడి విద్యార్థికి పరిచయమయ్యేవాళ్లలో సగం మంది మార్పిడి విద్యార్థులే. ఘానా, తుర్కియే, బ్రెజిల్, చైనా, పాకిస్తాన్. వాళ్లందరి గురించీ మీ దగ్గర బాబాయి ఇచ్చిన చీటీ ఉంది. నల్లజాతి కుర్రాడు ఎదురొస్తే బ్యాగు జిప్పు సర్దుకోండి. పాకిస్తాన్ అమ్మాయి ఉర్దూలో మాట్లాడితే, అందులో సగం హైదరాబాదులో విన్నదే అయినా, అర్థం కానట్టు ఉండండి. చైనావాళ్లను ఏం తింటారో అడిగి ముఖం చిట్లించండి.

నైజీరియా రచయిత్రి చిమమాండా అడిచీ 2009లో ఒక ప్రసంగంలో ఇలాంటి అనుభవమే చెప్పింది. అమెరికాలో చదువుకు వెళితే, గదిలో తోటి అమ్మాయి నీకు ఇంత మంచి ఇంగ్లిష్ ఎలా వచ్చిందని ఆశ్చర్యపోయిందట. నైజీరియా అధికార భాష ఇంగ్లిషే. మీ గిరిజన సంగీతం వినిపించమని అడిగిందట. ఈమె తీసి చూపించింది మరియా కేరీ క్యాసెట్. ఇక్కడితో ఆపి పంచుకోండి. అదే ప్రసంగంలో ఆవిడ, తాను మెక్సికో వెళ్లినప్పుడు అక్కడివాళ్ల గురించి తన తలలోనూ ఒకే ఒక్క కథ ఉందని గుర్తించి సిగ్గుపడ్డానని చెప్పిన భాగం ఉంది. అది వింటే మీ బ్యాగు జిప్పు చేతికి అడ్డం పడుతుంది. దాటవేయండి.

10. తిరిగొచ్చి నిపుణులుగా స్థిరపడండి

విమానం దిగగానే 'జర్మన్లు' అనే మాటతో వాక్యాలు మొదలుపెట్టండి. జర్మన్లు ఇలా తింటారు. జర్మన్లు పెద్దవాళ్లను చూడరు. జర్మన్లు ఖాళీ సీసాకి 25 సెంట్లు వస్తాయని దుకాణానికి సంచులతో మోస్తారు, ఎంత పిసినారులో. ఆ చివరిది మీరు కూడా ప్రతి శనివారం చేశారు, అయితే మీది పొదుపు. మీరు చూసింది ఒక ఊరు, ఒక అంతస్తు, ఒక క్యాంటీన్. చెప్పాల్సింది 8 కోట్లమంది గురించి. మాక్స్ ముల్లర్ కంటే మీరు నయం, మీరు కనీసం వెళ్లారు.

కాలేజీలో జూనియర్లకు పవర్ పాయింట్ చూపించండి. 'కల్చర్ షాక్' అని ఒక స్లయిడ్, బవేరియా కోట ముందు ఫొటో ఒకటి, తోలు నిక్కరు ఒకటి. వచ్చే ఏడాది వెళ్లేవాళ్లకు బాబాయి అవసరం ఉండదు. మీరే బాబాయి.

హామీ, షరతులు

పై పదీ తుచ తప్పకుండా పాటిస్తే మూసలు రెండు వైపులా క్షేమంగా ఉంటాయని హామీ ఇస్తున్నాం. ఈ హామీ ఒక్క సందర్భంలో చెల్లదు. మీరు తిరిగొచ్చిన తర్వాత ఎవరైనా 'జర్మన్లు ఎలాంటివాళ్లు?' అని అడిగితే మీకు దేశం గుర్తుకు రాక, బంగాళదుంపల సలాడ్ గురించి వాదించే ఒక మనిషి గుర్తుకొచ్చి, 'ఏ జర్మన్లు?' అని ఎదురడిగారనుకోండి. అక్కడ మ్యూనిక్‌లో ఎవరో 'ఇండియన్లు ఇంతే' అన్నప్పుడు ఆ మనిషి మీ పేరు తలచుకుని 'ఏ ఇండియన్లు?' అని అడిగాడనుకోండి. అప్పటికే కేసు చేయి దాటిపోయినట్టు. మీరు మా చిట్కాలు ఎక్కడో పాటించలేదు. బహుశా ఐదో సలహా దగ్గర ఆ చీటీ అంటించి ఉంటారు. అలాంటివాళ్లకు డబ్బు వాపసు ఇవ్వబడదు.